ఉన్నత పాఠశాలలో నుండగనే కళాశాల చదువు

అమెరికా దేశములో పదునాఱేండ్ల బాలుడు ఉదయమున ఉన్నత పాఠశాలలో చరిత్ర పాఠము విని, మధ్యాహ్నము ఆ యూరి కళాశాలకు పోయి, తనకంటె మూడు నాలుగేండ్లు పెద్దవారి ప్రక్కన కూర్చుండి గణితము నేర్చుకొని, సాయంకాలమునకు ఇల్లు చేరుట నేడు వింత కాదు. 2022-23 విద్యాసంవత్సరములో ఆ దేశమున సుమారు 25 లక్షల ఉన్నత పాఠశాల విద్యార్థులు ఈ విధముగా ఒక్క కళాశాల పాఠ్యమైనను చదివిరి. వారిలో మన తెలుగు కుటుంబముల పిల్లలును కలరు. మీలో కొందఱి మనుమలు, మనుమరాండ్రు టెలిఫోనులో మాటలాడుచు, "తాతయ్యా, నాకు అప్పుడే ఇరువది క్రెడిట్లు వచ్చినవి" అని చెప్పియుందురు. ఆ క్రెడిట్లనగా నేమో, అవి సంతోషింపదగినవో, విచారింపదగినవో తెలియక, "మంచిది నాయనా, చల్లగా నుండుము" అని ఊరకుండిన తాతలను నేనెఱుగుదును. ఆ సంగతి తెలుపుటకే ఈ ప్రసంగము.

మొదట ఆ దేశపు చదువుల క్రమము కొంత తెలియవలెను. అచ్చట పాఠశాల చదువు 12 తరగతులు. 9 మొదలు 12 వఱకు గల నాలుగు తరగతులను ఉన్నత పాఠశాల యందురు. దాని తరువాత నాలుగేండ్లు కళాశాల. అనగా మన ఇంటర్మీడియటు రెండేండ్లును వారికి పాఠశాలలోనే గడచిపోవును. మనకట్లు కాదు. మదరాసు విశ్వవిద్యాలయము నాటి ఇంటర్మీడియటు కళాశాల చదువే. ఆ పిమ్మట పి.యు.సి. వచ్చినది. ఆంధ్రప్రదేశమున 1969లో మరల రెండేండ్ల ఇంటర్మీడియటు ఆరంభమై, 1971లో దానికొక బోర్డు ఏర్పడినది. పాఠశాలకును కళాశాలకును నడుమ నున్న గోడను మనము పలుమాఱులు ఇటునటు జరిపితిమి. అమెరికావారు గోడను జరుపలేదు. దానికొక తలుపు పెట్టిరి.

ఇక క్రెడిట్ అనునది చదువును కొలుచు కుంచము. ఈ కుంచము పుట్టుక విచిత్రమైనది. ఉక్కు వ్యాపారమున కుబేరుడైన ఆండ్రూ కార్నెగీ 1905లో కళాశాల ఆచార్యుల వృద్ధాప్య వేతనముల కొఱకు కోటి డాలర్లు దానమిచ్చెను. ఆ ధనము పంచవలసిన సంస్థవారికి, ఏది నిజమైన కళాశాలయో, ఏది పేరునకు మాత్రము కళాశాలయో తేల్చవలసి వచ్చినది. నాలుగేండ్ల ఉన్నత పాఠశాల చదువు ముగించిన వారినే చేర్చుకొనునది కళాశాల యని వారు నిర్ణయించి, ఆ పాఠశాల చదువును గంటలతో కొలిచిరి. ఒక విషయమును ఏడాదిలో 120 గంటలు చదివినచో అది యొక ప్రమాణము. ముసలి పంతుళ్ల పింఛనుల కొఱకు తెచ్చిన కొలత పిల్లల చదువులకెల్ల కొలతయై కూర్చున్నది. కళాశాలలో లెక్క వేఱు. వారమునకొక గంట పాఠము విని, దానికై మఱి రెండు గంటలు తానుగా చదువుకొనుచు, సుమారు 15 వారములు గడపినచో ఒక క్రెడిట్. ఒక్కొక్క పాఠ్యమునకు సాధారణముగా 3 క్రెడిట్లు. పట్టము పొందుటకు 120 కావలెను. కావున ఉన్నత పాఠశాల విడుచు నాటికి 30 క్రెడిట్లు చేతనున్న పిల్లవాడు నాలుగేండ్ల ప్రయాణములో ఒక ఏడాది దారి ముందే నడచినవాడగును.

ఈ క్రెడిట్లు సంపాదించుటకు మార్గములు పెక్కు కలవు. అందు మిక్కిలి పేరు వడసినది అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనునది. మన పిల్లలు దీనినే ఏ.పి. యందురు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, మంచి పాఠశాలలలో చదివి వచ్చినవారు కళాశాల మొదటి ఏట తాము నేర్చినదే మరల నేర్చుచు విసుగు చెందుచున్నారని కొందఱు విద్యావేత్తలు గుర్తించిరి. హార్వర్డు, యేలు, ప్రిన్స్‌టను విశ్వవిద్యాలయముల వారును, మూడు ప్రసిద్ధ పాఠశాలల వారును కలిసి పరిశీలించి 1952లో ఒక నివేదిక ప్రకటించిరి. ఒహాయో రాష్ట్రములోని కెన్యను కళాశాలాధ్యక్షుడు గార్డను చామర్సు మఱికొన్ని కళాశాలలను కూడగట్టుకొని ఇట్టి ప్రయత్నమే చేసెను. ఫోర్డు నిధులు తోడుపడినవి. 1955లో కాలేజి బోర్డు అను సంస్థ ఈ పనిని చేపట్టగా, 1956లో 1229 మంది విద్యార్థులు పరీక్షలకు కూర్చుండిరి. నేడు కూర్చుండువారు లక్షలకొలది. విషయములు గణితము, రసాయనము మొదలు సంగీత శాస్త్రము వఱకు సుమారు 40 కలవు.

ఇందు పిల్లవాడు కళాశాలకు పోనక్కఱలేదు. తన పాఠశాలలో తన ఉపాధ్యాయుని యొద్దనే కళాశాల స్థాయి పాఠము చదివి, మే నెలలో దేశమంతటికి ఒకటే యైన పరీక్ష వ్రాయును. ఫలితము 1 మొదలు 5 వఱకు అంకెలలో వచ్చును. 3 వచ్చిన నెగ్గినట్లే. కాని కొన్ని కళాశాలలు 4 గాని 5 గాని యున్నచో తప్ప లెక్కలోనికి తీసికొనవు. 2025లో ఒక్కొక్క పరీక్షకు రుసుము 99 డాలర్లు. బీదవారికి కొంత తగ్గింపు కలదు.

మొదట నిది సంపన్నుల పాఠశాలలలో పుట్టిన పద్ధతి. అది బీదల వాడకు ఎట్లు వచ్చెనో తెలుపు కథ యొకటి మీరు వినదగినది. జైమే ఎస్కలాంటే అనునతడు దక్షిణ అమెరికాలోని బొలీవియా దేశస్థుడు. 1930లో జన్మించి, స్వదేశమున గణిత భౌతికశాస్త్రములు బోధించుచు మంచి ఉపాధ్యాయుడని పేరు తెచ్చుకొని, 1960 తరువాత కొలది యేండ్లకు అమెరికా చేరెను. అచ్చట నతని చదువు చెల్లలేదు. ఇంగ్లీషు రాదు. కాఫీ హోటలులో ఊడ్పుపనియు, వంటపనియు చేయుచు రాత్రులు చదివి, పట్టము మరల సంపాదించి, 1974లో లాస్ ఏంజెలెసు నగరపు తూర్పుభాగమున గార్ఫీల్డు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరెను. అచ్చటి పిల్లలు చాలమంది మెక్సికో నుండి వచ్చిన కూలిజనుల బిడ్డలు. పాఠశాలలో క్రమశిక్షణ లేదు. తెలివిగల పిల్లలకు కూడ సులభమైన లెక్కలే చెప్పి పంపుచుండిరి. ఇట్టి చోట నతడు కలన గణితము చెప్పుదుననెను. తోడి ఉపాధ్యాయులు కొందఱు నవ్విరి. అతడు తెల్లవాఱుజామున తరగతి పెట్టెను, శనివారములు పెట్టెను, తల్లిదండ్రుల యిండ్లకు పోయి బ్రతిమాలెను. తొలి ఏడు నిలిచినవారు చేతివ్రేళ్లపై లెక్కింపదగినవారే.

1982లో అతని శిష్యులు 18 మంది ఏ.పి. కలన గణితములో కృతార్థులైరి. అప్పుడొక యిక్కట్టు కలిగెను. వారిలో 14 మంది పత్రములలో తప్పులు ఒక్క తీరున నున్నవని పరీక్ష నిర్వహించువారు అనుమానించి, ఫలితములను త్రోసిపుచ్చుదుమనిరి. ధనికుల పాఠశాలయైనచో ఈ యనుమానము వచ్చియుండునా యని ఆ వాడవారు మండిపడిరి. మరల పరీక్ష వ్రాయుటకు 12 మంది ఒప్పుకొనిరి. చదువుట మాని కొంతకాలమైనది; సిద్ధపడుటకు వ్యవధి స్వల్పము. పండ్రెండుగురును నెగ్గిరి. వారి క్రెడిట్లు వారికి దక్కినవి. 1988లో ఈ కథను చలనచిత్రముగా తీసిరి. ఎస్కలాంటే 2010లో మరణించెను. చిత్రమున చూపనిది యొకటి కలదు. ఆ కలన గణితపు తరగతి ఒక్క ఏటి పట్టుదలతో నిలువలేదు. క్రింది తరగతుల గణితమును చక్కబఱచి, వేసవిలో దగ్గఱి కళాశాలలో తరగతులు నడపి, ఏండ్ల తరబడి పిల్లలను సిద్ధము చేసిన ఫలమది. పునాది వేయక పైకప్పు నెత్తుట మన యొద్దను అలవాటే గనుక ఈ మాట చెప్పుచున్నాను.

రెండవ మార్గము తిన్నగా కళాశాల పాఠ్యమునే చదువుట. దీనిని ద్వంద్వ ప్రవేశమని చెప్పవచ్చును; ఒకే పాఠము పాఠశాల లెక్కలోను, కళాశాల లెక్కలోను చేరును. 1972లో న్యూయార్కు రాష్ట్రమున సిరక్యూసు నగర ప్రాంతపు పాఠశాలాధికారులు అచ్చటి విశ్వవిద్యాలయమునకు పోయి, మా 12వ తరగతి పిల్లలు చదువవలసినది ముందే ముగించి చివరి ఏడు వ్యర్థముగా గడుపుచున్నారు, ఉపాయము చెప్పుడని యడిగిరి. విశ్వవిద్యాలయము వారు పాఠశాల ఉపాధ్యాయులకే శిక్షణమిచ్చి, తమ పాఠ్యములను వారిచేతనే చెప్పించి, క్రెడిట్లు తామిచ్చిరి. కళాశాలకు నలుబది మైళ్ల దూరమున నున్న గ్రామీణ పాఠశాలలకు ఈ పద్ధతి వరమైనది. చిక్కేమనగా, ఇట్టి పాఠము చెప్పు ఉపాధ్యాయునకు ఆ విషయమున పై పట్టముండవలెను. పల్లెలకు అట్టివారు దొరకుట దుర్లభము. అమెరికాలోను పల్లె పల్లెయే.

మిన్నెసోటా రాష్ట్రము 1985లో మఱింత సాహసించెను. 11, 12 తరగతుల విద్యార్థి కోరినచో కళాశాలలో చేరి చదువవచ్చును. రుసుమును, పుస్తకముల వెలయు ప్రభుత్వమే భరించునని శాసనము చేసెను. దేశమున ఇట్టి శాసనములలో నిదియే మొదటిది. పిల్లవానితో పాటు వాని పేరిట పాఠశాలకు వచ్చు ధనములో భాగము కళాశాలకు పోవుటచే పాఠశాలల వారు గోలపెట్టిరి. కాని ఆ గోల వెంట మేలును కలిగినది. పిల్లలు పోవుచున్నారను భయముతో పాఠశాలలు తామే కఠినమైన పాఠ్యములు పెట్టనారంభించిరి. బోధనలో పోటీ మంచిదో చెడ్డదో యని వాదించువారు ఈ యుదాహరణము నెఱుగవలెను.

మూడవ విధము కళాశాల ఆవరణములోనే ఉన్నత పాఠశాల నడపుట. 1974లో న్యూయార్కు నగరమున లాగ్వార్డియా కళాశాలలో స్థాపించిన పాఠశాల తెలివిగల పిల్లల కొఱకు కాదు, చదువు మానివేయుదురేమో యని భయపడిన పిల్లల కొఱకు. కళాశాల గాలి తగిలినచో తామును చదువగలమను నమ్మకము కలుగునని దాని స్థాపకుల యాలోచన. అదే నగరమున 2001లో బార్డు కళాశాలవారు నెలకొల్పిన ప్రభుత్వ పాఠశాలలో పిల్లలు నాలుగేండ్లకు ఉన్నత పాఠశాల చదువుతో పాటు రెండేండ్ల కళాశాల పట్టమును కూడ పొందుదురు. తల్లిదండ్రులు రుసుము కట్టనక్కఱలేదు.

దీనివలన లాభమేమి యనగా, మొట్టమొదటిది ధనము. 2024-25లో అమెరికాలో స్వరాష్ట్రపు ప్రభుత్వ విశ్వవిద్యాలయమున ఒక ఏటి చదువు రుసుము సగటున 11,610 డాలర్లు. ప్రైవేటు కళాశాలలలో 43,350. తిండి, వసతి వేఱు. అచ్చటి విద్యార్థులలో అనేకులు అప్పు చేసి చదివి నడివయస్సు వఱకు తీర్చుచుందురు. ఒక ఏడాది తగ్గినచో ఆ మేర అప్పు తగ్గును. కూలివాని బిడ్డకు ఇదియొక పెద్ద మాట. ఇంటిలో మొదట కళాశాల మెట్టెక్కు పిల్లకు మఱియొక లాభము కలదు: పెద్ద చదువనగా నెట్టిదో, అందు తానెంతవఱకు నిలువగలదో పదునేడేండ్లకే తెలిసిపోవును.

అయినను చిక్కులు లేకపోలేదు. పూర్వము మన యూళ్లలో ఒక యూరి కుంచము మఱియొక యూరి కుంచమునకు సరిపడెడిది కాదు, ధాన్యము కొనువాడు, "ఎవరి కుంచముతో కొలిచినారు?" అని మొదట అడుగుచుండెను. క్రెడిట్ల విషయమును అట్టిదే. ఒక కళాశాల ఇచ్చినదానిని మఱియొకటి ఒప్పుకొనవలెనను నియమము లేదు. తమ రాష్ట్రపు ప్రభుత్వ కళాశాలలు సాధారణముగా ఒప్పుకొనును. పేరుగల ప్రైవేటు విశ్వవిద్యాలయములు పెక్కు ఒప్పుకొనవు. డార్ట్‌మత్ కళాశాల 2013లో ప్రకటించి, 2018లో పట్టము పొందవలసిన తరగతి మొదలు ఏ.పి. పరీక్షలకు పట్టపు క్రెడిట్ ఇచ్చుట మానినది. ఒప్పుకొన్న చోట సైతము ఆ క్రెడిట్ పిల్లవాడు చదువదలచిన శాస్త్రమునకు పనికివచ్చునా, లేక లెక్కకు మాత్రము మిగులునా యని చూడవలెను. మఱియొకటి: ద్వంద్వ ప్రవేశములో వచ్చిన గుణము కళాశాల లెక్కలలో శాశ్వతముగా నిలుచును. పదునాఱవ యేట అశ్రద్ధచే తెచ్చుకొన్న తక్కువ గుణము ఇరువది రెండవ యేట వైద్యకళాశాల వారి కంటపడును.

మన తెలుగువారిని గుఱించి ఒక మాట చెప్పక తప్పదు. గుంటూరు ప్రాంతపు పెద్దావిడ యొకరు ఆఱు నెలలు అమెరికాలో కుమారుని యింట నుండి వచ్చి నాతో చెప్పిన సంగతి యిది. మనుమరాలికి పదునేడేండ్లు. రాత్రి రెండు గంటలైనను గదిలో దీపము ఆఱదు. ఉదయము లేచి అన్నము ముట్టక పరుగెత్తును. ఆమె ఒక నాటి రాత్రి పాలు తీసికొని పోయి, "ఎందుకమ్మా ఇంత కష్టం? ఎవరికోసం?" అని యడిగెనట. పిల్ల మొదట కోపపడి, పిదప కన్నీరు పెట్టుకొని, తాను ఆ ఏడు ఐదు ఏ.పి. విషయములు తీసికొన్నదనియు, వానిలో రెండింటిపై తనకు ఇష్టము లేదనియు, నాన్నగారి స్నేహితుని కుమారుడు ఆఱు తీసికొనెను గనుక తానును తీసికొనవలసి వచ్చినదనియు చెప్పెనట. మామ్మగారు మఱునాడు కొడుకును కూర్చుండబెట్టి, "ఆ రెండూ ఆ కాలేజీలో చెల్లుతాయా?" అని యడుగగా, అతడు విచారించి చూచినచో, పిల్ల చేరదలచిన విశ్వవిద్యాలయము ఆ రెండింటికి క్రెడిట్ ఇయ్యదని తేలినది. ఆ రెండును మానిపించిరి. ఇంగ్లీషు రాని ముసలామె యడిగిన ప్రశ్న, పెద్ద యుద్యోగము చేయు తండ్రికి తోచలేదు. అతనిని తప్పుపట్టను, ఊరందఱు పరుగెత్తునప్పుడు ఏల పరుగెత్తుచున్నామని యడుగుట కష్టము. కాని దూరముననున్న మీకు ఆ యడుగు వీలు కలదు. మనుమడు తన క్రెడిట్ల సంఖ్య చెప్పినప్పుడు, అవి ఎచ్చట చెల్లునో, రాత్రి ఎన్ని గంటలకు పండుకొనుచున్నాడో కూడ అడుగుడు.

నా యభిప్రాయమడిగినచో, ఈ పద్ధతి ధనము లేని పిల్లకు నిచ్చెన. ధనమున్న యింట అది మెడలో హారము. నిచ్చెనను మెచ్చుకొందును.

మన దేశమున సంగతి యేమని మీరడుగవచ్చును. 2020 నాటి జాతీయ విద్యావిధానము ననుసరించి 2021లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము క్రెడిట్లకొక బ్యాంకు ఏర్పఱచినది. కళాశాల విద్యార్థి యొకచోట సంపాదించిన క్రెడిట్లను దాచుకొని మఱియొకచోట వాడుకొనవచ్చును. 2023లో పాఠశాల చదువును కూడ క్రెడిట్లతో కొలుచుటకు జాతీయ ప్రమాణమొకటి వెలువడినది. అయినను ఇంటర్మీడియటులో పిల్లలు వసతి కళాశాలలలో తెల్లవాఱుజాము మొదలు రాత్రి వఱకు చదివిన గణితమునకు పట్టపు చదువులో తగ్గింపు లేదు. రాంకు తలుపు తెఱచును; లోనికి పోయిన పిదప మొదటి మెట్టు నుండియే యెక్కవలెను.

మన తెలుగునాట దీనికి చుట్టములవంటివి మాత్రము రెండు కలవు. పదవ తరగతి తరువాత పాలిటెక్నిక్కులో మూడేండ్ల డిప్లొమా చదివినవాడు ఈసెట్ పరీక్ష నెగ్గినచో తిన్నగా ఇంజనీరింగు రెండవ సంవత్సరములో చేరును. ఒక ఏడాది అతనికి కలిసివచ్చును. పనితనము నేర్చిన పిల్లవానికి ఇది మేలైన దారి. కాని మన పల్లెలలో పాలిటెక్నిక్కును చిన్నచూపు చూచుట మానలేదు. రెండవది 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో ఆరంభమైన రాజీవ్ గాంధీ సాంకేతిక విజ్ఞాన విశ్వవిద్యాలయము. జనులు త్రిపుల్ ఐటీ యందురు. పదవ తరగతి ముగిసిన పల్లె పిల్లలను పదునైదేండ్ల వయస్సులోనే విశ్వవిద్యాలయ ప్రాంగణమునకు తీసికొని, రెండేండ్లు ఇంటర్మీడియటుకు సమానమైన చదువును, నాలుగేండ్లు ఇంజనీరింగును అచ్చటనే చెప్పుదురు. మొదటి రెండేండ్లకు పట్టపు క్రెడిట్ రాదు గాని, నడుమ మఱియొక ప్రవేశపరీక్షయు, దాని కొఱకు శిక్షణ రుసుములును లేవు. ప్రవేశము పదవ తరగతి మార్కులను బట్టియే. ప్రభుత్వ పాఠశాలలో చదివిన పిల్లలకు కొంత అదనపు విలువ యిత్తురు. దరఖాస్తు ప్రకటన పదవ తరగతి ఫలితముల వేళ వెలువడును. గడువు కొలది దినములే యుండును. మీ యూరి ప్రధానోపాధ్యాయుని ఫలితముల కంటె ముందే కలిసికొని, కులధ్రువపత్రము మున్నగు కాగితములు సిద్ధము చేయించియుంచుడు.